పుస్తకం పట్టుకుంటే పని ఎగ్గొట్టినట్టేనా?

నిద్ర పట్టడం లేదు, తల బరువుగా ఉంది, చిన్న మాటకే కళ్ళనీళ్ళు వస్తున్నాయి... దవాఖానాకు వచ్చే ఆడవాళ్ళలో చాలామంది చెప్పుకునేది ఇదే. "హకీం సాబ్, ఖమీరా గావ్‌జబాన్ ఇవ్వండి" అంటారు. ఇస్తాను. (అందులో చక్కెర పాకం ఉంటుంది, షుగర్ ఉన్నవారు అడగకుండా వాడకండి.) ఇస్తూనే ఒక ప్రశ్న వేస్తాను: రోజు మొత్తంలో మీకోసం మీరు కూర్చునేది ఎంతసేపు? జవాబు వెంట వచ్చిన అత్తగారు చెబుతారు, "ఇంటెడు పని, కూర్చునేదెక్కడ?" అని.

యునానీలో ఆరోగ్యానికి తప్పనిసరి అని చెప్పినవి ఆరు. వాటిని అస్బాబ్-ఎ-సిత్తా జరూరియా అంటాం. గాలి, తిండీ నీరూ, ఒంటికి కదలికా విశ్రాంతీ, మనసుకు కదలికా విశ్రాంతీ, నిద్రా మెలకువా, ఒంట్లో ఉండవలసింది ఉండటం పోవలసింది పోవటం. పథ్యం అనగానే వంకాయ మానాలా అని అడుగుతారు గానీ, మనసు విశ్రాంతి గురించి ఒక్కరూ అడగరు. దిగులు, కోపం, భయం మనసు కదలికలే. అవి ఆగకుండా సాగితే సౌదా పెరుగుతుందని, ముదిరితే మాలిఖోలియా అవుతుందని పాత హకీములు అన్నారు. నేటి డాక్టర్లు వేరే పేర్లు పెట్టారు, బాధ మాత్రం అదే.

మన ఇళ్ళలో మగవాళ్ళు టీ అంగడిలో రెండు గంటలు కూర్చుంటే ఎవరూ లెక్కపెట్టరు. కోడలు పావుగంట కథల పుస్తకం పట్టుకుంటే పని ఎగ్గొట్టిందంటారు. ఇది నాకు అన్యాయంగా తోస్తుంది. నా దగ్గరకు వచ్చే ఒక పెద్దావిడ మనవడి పాత నోట్సులో మిగిలిన కాగితాల మీద తన అమ్మ చేసిన వంటలు, పాడిన జోలపాటలు రాసుకుంటున్నారు. తెలుగు మాటలే, అక్షరాలు మాత్రం కన్నడం, ఆమె చదివిన బడి అది. ఇప్పుడు రాత్రి నిద్ర పడుతోందట. మందు వల్లనా, రాత వల్లనా అంటే నేను రెండూ అంటాను.

మన పిల్లలు బడిలో తమిళమో కన్నడమో ఒడియానో మరాఠీనో చదువుతారు. ఏ అక్షరాల్లో రాసినా సరే, ఇంట్లో ఏడ్చే, నవ్వే భాషలో రాయనివ్వండి. తప్పులు దిద్దకండి. రాత మన వంశాల్లో లేనిదేమీ కాదు. హకీం అజ్మల్ ఖాన్ (1868–1927) 'షైదా' పేరుతో కవిత్వం రాశారు. యానాంవారికి పక్కనే ఉన్న పిఠాపురంలో ఉమర్ అలీషా (1885–1945) తెలుగు కవి.

ఇక విశ్రాంతి. జొహర్ తర్వాత ఇరవై నిమిషాల ఖైలూలా మన పెద్దల అలవాటు. దాన్ని సోమరితనం అనకండి, గంటలు గంటలు సాగదీయకండి కూడా. పరీక్షలని పిల్లల్ని రాత్రి ఒంటిగంట దాకా కూర్చోబెడితే చదివింది నిలవదు, నిద్రలోనే అది కుదురుకుంటుంది. పడుకునే గంట ముందు ఫోను వంటింట్లో పెట్టి రండి, అబ్బా ఫోనుతో సహా.

ఒక్క మాట. దిగులు రెండు వారాలు దాటినా, తిండి మీద ధ్యాస పోయినా, చావు మాట నోట వచ్చినా ఖమీరా కోసం, నా కోసం ఆగవద్దు. వెంటనే మానసిక వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళండి. 2022లో కేంద్రం మొదలుపెట్టిన టెలి మానస్ 14416కు పగలూ రాత్రీ ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.