బొమ్మ ఇంజనే, బాయిలర్ మాత్రం నిజం

మోతె మీదుగా సూర్యాపేట నుంచి ఖమ్మం పోయే బస్సులున్నాయి గానీ రైలు లేదు. జిల్లా కేంద్రం సూర్యాపేటకే స్టేషన్ లేదు. రైలు ఎక్కాలంటే మిర్యాలగూడకో ఖమ్మానికో పోవాల్సిందే. ఆవిరి మాత్రం ఈ ప్రాంతానికి కొత్త కాదు. మిర్యాలగూడ మిల్లుల్లో ఉప్పుడు బియ్యానికి వడ్లు ఉడికేది బాయిలర్ ఆవిరితోనే, ఆ బాయిలర్లకు వంట చెరకు ఊకే.

ఇక్కడి ఐటీఐ, పాలిటెక్నిక్ విద్యార్థుల చేత బొగ్గుతో నడిచే చిన్న రైలింజన్ చేయించాలి. అద్దాల బీరువాలో పెట్టడానికి కాదు, మనిషిని కూర్చోబెట్టుకుని లాగడానికి.

నమూనాగా విక్టోరియా కాలపు ఎక్స్‌ప్రెస్ ఇంజన్ తీసుకోవచ్చు. ప్యాట్రిక్ స్టర్లింగ్ రూపకల్పనలో 1870లో ఇంగ్లండ్‌లోని డాంకాస్టర్‌లో తయారైన ఒకటో నంబరు ఇంజన్ నేటికీ యార్క్ మ్యూజియంలో ఉంది. దాన్ని నడిపేది ఒకే జత పెద్ద చక్రాలు. ఒక్కో దాని ఎత్తు 8 అడుగుల పైమాటే! పట్టాల మధ్య ఎడం 5 అంగుళాలు ఉండేలా తగ్గిస్తే ఆ చక్రం ఎనిమిదిన్నర అంగుళాలవుతుంది.

చిక్కంతా అక్కడి నుంచే. పొడవు 11 రెట్లు తగ్గితే ఉపరితలం 121 రెట్లు, ఘనపరిమాణం 1331 రెట్లు తగ్గుతాయి. వేడిని నిలుపుకునే నీళ్లు తక్కువ, వేడిని పోగొట్టే లోహం ఎక్కువ. అందుకే బొమ్మంత ఇంజన్ బొగ్గుతో మనుషుల్ని లాగుతుందా అని 1920ల్లో ఇంగ్లండ్‌లో పెద్ద వాదమే నడిచింది. ఎల్.బి.ఎస్.సి. కలం పేరుతో రాసిన కర్లీ లారెన్స్ లాగించి చూపించాడు.

ఈ పనిలో మసిపూసి మారేడుకాయ చేయడం కుదరదు. రాగి బాయిలర్‌కు వెండి టంకం ఒక్కచోట సరిగా పారకపోయినా నీళ్లు కారి బయటపెడతాయి. నిప్పు పెట్టేముందు గాలి బుడగ లేకుండా చల్లటి నీళ్లు నింపి, నడిపే ఒత్తిడికి రెట్టింపు పెట్టి చూస్తారు. నీళ్లు దాదాపు నొక్కుకుపోవు కాబట్టి ఎక్కడైనా పగిలినా పేలదు, కారుతుందంతే. గాలితో ఈ పరీక్ష చేయడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

ఇంత చిన్న బాయిలర్‌లో పట్టుమని పది లీటర్లు పట్టవు. 25 లీటర్ల లోపు వాటికి బాయిలర్ల చట్టం వర్తించదు, ఇన్‌స్పెక్టర్ రాడు. అందుకే పరీక్ష రోజున నీటి గేజీ మీదే కన్నేసి బతికిన మిల్లు బాయిలర్ ఆపరేటర్లను వర్క్‌షాప్‌కు పిలవాలి. వాళ్లు సరేనన్నాకే అగ్గిపుల్ల గీయాలి. ఆ రోజు కూలి పోకుండా వాళ్లకు గౌరవ వేతనం కాలేజీయే ఇవ్వాలి.