వాహనపూజ
దసరా రాగానే ఉప్పల్ కూడలిలో బంతిపూల రాశులు వెలుస్తాయి. నాచారం పారిశ్రామికవాడలో యంత్రాలతోపాటు లారీలకు, కార్లకు ఆయుధపూజ జరుగుతుంది. అన్నం పెట్టే పనిముట్టును గౌరవించడం ఉదాత్తమైన సంప్రదాయం. అయితే ముందరి అద్దానికి అడ్డంగా దండలు వేలాడితే చోదకునికి దారి కనబడదు. అరటిపిలకలు దీపాలను, నంబరు ప్లేటును కప్పివేస్తాయి. నడిరోడ్డుపై పగులగొట్టిన గుమ్మడికాయ ముక్కలు ద్విచక్రవాహనదారులను జార్చి పడవేస్తాయి. ఇది ఒక్కనాటి ముచ్చటే కదా అని కొందరు అనవచ్చు. ప్రమాదానికి ఒక్క క్షణమే చాలు. తన వాహనానికి దిష్టి తీయబోయి పరుల ప్రాణానికి ముప్పు తేవడం పూజ అనిపించుకోదు. కాబట్టి పూజ ముగిసిన పిమ్మట అద్దానికి, దీపాలకు అడ్డుగా ఉన్న అలంకారాన్ని తొలగించి, గుమ్మడి ముక్కలను ఊడ్చివేసి, ఆ తరువాతే బండిని కదిలించాలి. ఎదుటివారి క్షేమాన్ని కోరినప్పుడే ఆ పూజ సార్థకమవుతుంది.