చెట్టిగారి నిలవ

కిందటి నెల మనవడిని వెంటబెట్టుకుని జార్జి టౌన్ వెళ్లాను. వాడి అక్క పెళ్లికి శుభలేఖలు చూడాలి. శుభలేఖలంటే మన చెన్నపట్నంలో ఆండర్సన్ వీధే కదా! తోపుడుబళ్లు తప్పించుకుంటూ నడుస్తుంటే వాడు వీధుల పేర్లు చదువుతూ వస్తున్నాడు. తంబుచెట్టి వీధి, లింగిచెట్టి వీధి, గోవిందప్ప నాయకన్ వీధి...

"తాతయ్యా, ఈ చెట్టిగార్లంతా బాగా డబ్బున్నవాళ్లా?" అన్నాడు.

"డబ్బున్నవాళ్లేరా. డబ్బు మిగుల్చుకోని చెట్టిగారు కూడా ఒకాయన ఉండేవారు" అన్నాను.

మా నాన్నగారు గోడౌన్ వీధిలో బట్టల కొట్టు గుమాస్తా. ఎవరి గొప్ప చెప్పినా, "చివరికి నిలవెంత?" అని అడిగేవారు. గాజుల లక్ష్మీనరసు చెట్టిగారి మాట వస్తే మాత్రం, "ఆ లెక్క మన చిట్టాకు అందదు" అనేవారు.

ఆయన 1806లో పుట్టారు. తండ్రి సిద్ధులు చెట్టిగారు నీలిమందు వర్తకులు. కొడుకు నీలిమందుతో పాటు బట్టల వ్యాపారమూ చేసి బాగా గడించారు. ఆ డబ్బుతో 1844లో 'క్రెసెంట్' అనే ఇంగ్లీషు పత్రిక పెట్టారు. దానికి సంపాదకుడు ఎడ్వర్డ్ హార్లీ అనే ఇంగ్లీషువాడు. ఆ రోజుల్లోనే సర్కారు బడుల్లో బైబిల్‌ను పాఠంగా పెట్టాలన్న ప్రతిపాదన వస్తే, కూడదని పదిమందినీ కూడగట్టారు. తన ధర్మం మీద ఆయనకు అంత పట్టుదల.

అక్కడితో ఆగి ఉంటే తనవాళ్ల పెద్దగా మిగిలేవారు. ఆగలేదు. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ స్థాపించి, రైతుల పన్నుల బాధలు, వాటి వసూలుకు పెట్టే హింసలు రాసి లండన్ పార్లమెంటుకు అర్జీ పంపించారు. శిస్తు కట్టలేని రైతును ఎండలో నిలబెట్టేవారు, తల కాళ్లకు తగిలేలా వంగదీసి కట్టేవారు, కిట్టి అనే చెక్కల మధ్య వేళ్లు పెట్టి నొక్కేవారు. 1853లో పార్లమెంటు సభ్యుడు డాన్బీ సేమూర్ మద్రాసు వస్తే, చెట్టిగారు ఆయనను వెంటబెట్టుకుని ఊళ్లు తిప్పి చూపించారు. సేమూర్ వెళ్లి 1854లో సభలో అడిగాడు. దొరలు కమిషన్ వేయక తప్పలేదు. 1855లో వచ్చిన నివేదిక హింస నిజమేనని ఒప్పుకుంది.

తర్వాత ఆయనకు సి.ఎస్.ఐ. బిరుదు వచ్చింది, శాసన మండలి సభ్యత్వం వచ్చింది. 1868లో పోయేనాటికి ఆస్తి మాత్రం లేదు. పేదరికంలోనే కన్నుమూశారు.

మనవడు అంతా విని, "ఆ రైతులు ఈయనకు చుట్టాలా?" అని అడిగాడు.

"కాదురా. ఎవరో, ఏ ఊరివాళ్లో. అందులో తెలుగువాళ్లూ ఉన్నారు, తమిళులూ ఉన్నారు."

"మరి ఎందుకు?"

నాకు గొంతులో ఏదో అడ్డుపడింది. ఎందుకో మీకు చెప్పాలి. మొన్న మన సంఘం కమిటీలో ఒక ప్రస్తావన వచ్చింది. ఉగాది చందాలో మిగిలిన సొమ్ముతో పక్క వీధి బడి పిల్లలకు నోటు పుస్తకాలు కొనిద్దామని ఒకరన్నారు. "వాళ్లు మన తెలుగు పిల్లలు కాదు కదా, మనకెందుకు?" అన్నవాడిని నేనే. అందరూ సరేనన్నారు. డబ్బు బ్యాంకులో ఉంది. నిలవ బాగానే ఉంది.

మన భాష, మన పండగ నిలబెట్టుకోవాలనే సంఘాలు పెట్టుకున్నాం. అది తప్పు కాదు. చెట్టిగారూ తనది వదులుకోలేదు. తనది గట్టిగా పట్టుకునే ఎదుటివాడి కోసం చెయ్యి చాచారు. రెండూ ఒక మనిషి చేయవచ్చని ఈ వయసులో, ఒక పిల్లవాడు అడిగితే గాని నాకు తట్టలేదు.

శుభలేఖలు తెలుగులోనే వేయిస్తున్నాం. వచ్చే కమిటీలో నా మాట వెనక్కి తీసుకుంటాను. ఆ నోటు పుస్తకాల సంగతి మళ్లీ ఎత్తేదీ నేనే. మీరంతా తప్పక రండి.