పరదేశి త్రాగిన పాత్ర

గత వేసవిలో ఒకనాటి మధ్యాహ్నమున మా వీధితలుపు ఎవరో తట్టిరి. తీసి చూడగా చంకన బిడ్డతో ఒక స్త్రీ నిలిచియుండెను. ఇటుకబట్టీలలో పనికై ఒడిశానుండి వచ్చినవారిలో ఒకతె యని ఆమె మాటతీరే తెలుపుచుండెను. బిడ్డకు జ్వరమని ఆసుపత్రికి పోవుచు, దాహమునకు నీళ్ళడిగెను. మేము మరీ నిర్దయులము కాము. వెంటనే లోనికి పోతిమి. అయితే గూటిలో బోర్లించిన గ్లాసులను దాటి, పారవేయుటకు పెరటిలో నుంచిన ప్లాస్టిక్ సీసాను వెదకి, కడిగి, దానిలో నీళ్ళు పోసి ఇచ్చితిమి. ఆమె బిడ్డకు త్రాగించి, తాను త్రాగి, దండము పెట్టి పోయెను. మాకును ఏదో పుణ్యము చేసినట్లే తోచెను. మా మనుమరాలు మాత్రము, "అమ్మమ్మా, మన గ్లాసులన్నీ అంట్లలో పడ్డాయా?" అని యడిగెను. మేము ఆ పిల్లకు చెప్పిన సమాధానమును ఇచట వ్రాయజాలము.

ఈ మాసము పరదేశులను ప్రేమించుటనుగూర్చి క్రైస్తవధర్మము చెప్పునది సోదరీమణులకు విన్నవింప దలచి కూర్చుండగా, ఆ సీసాయే కన్నులయెదుట నిలుచుచున్నది.

క్రొత్త నిబంధనము గ్రీకుభాషలో వ్రాయబడినది. అందు 'ఫిలోక్సెనియా' అను పదమొకటి కలదు. పరదేశులయెడ ప్రేమ యనియే దాని అక్షరార్థము. తెలుగు బైబిలులో దానిని 'ఆతిథ్యము' అనిరి. మాట మంచిదే. కాని ఆ మాట వినినంతనే మనకు తలపునకు వచ్చువారెవరు? వియ్యాలవారు, ఆడబిడ్డ అత్తవారు, ఇంటాయన స్నేహితులు. పెట్టెలోని వెండి పళ్ళెములు పైకి తీయుట వారికొరకే గదా! గ్రీకుపదములోని పరదేశి ఊరును పేరును ఎరుగబడనివాడు. వానికి పిడికెడు బిచ్చము వేయుట ఎవరికైనను సులభమే. ప్రేమించుట యన్నచో వాడు మన పాత్రను ముట్టవలసివచ్చును. చిక్కంతయు అచ్చటనే యున్నది.

పాత నిబంధనములోని లేవీయకాండమున, కోతకాలమందు పొలపు అంచులవరకు కోయరాదనియు, రాలిన పరిగెను బీదలకును పరదేశులకును విడువవలెననియు ఒక విధి కలదు. ఆ యధ్యాయముననే, పరదేశిని నీవలెనే ప్రేమింపుమనియు, మీరును ఒకప్పుడు ఐగుప్తులో పరదేశులై యుంటిరి గదా యనియు కారణము చూపబడినది. ఆ పరిగె నేరుకొని బ్రతుకుటకే రూతు బేత్లెహేము పొలములకు వచ్చెను. ఆమె మోయాబు స్త్రీ. ఇశ్రాయేలీయులకు మోయాబీయులన్న సరిపడదు. రూతు కథలో అత్తాకోడండ్ర అనురాగమునే అందరును మెచ్చుకొందురు. మా మనస్సును పట్టినది వేరొకటి. పొలము యజమానియైన బోయజు ఆమెను చూచి, దాహమైనప్పుడు నా పనివాండ్రు చేది తెచ్చిన పాత్రలయొద్దకే పోయి త్రాగుమనెను. విడి కుండను చూపలేదు. భోజనవేళ తన పనివారితోపాటు కూర్చుండబెట్టి పేలాలు అందించెను.

మంచి సమరయుని కథ ఎల్లరును ఎరిగినదే గనుక దానిని మరల చెప్పము. సమరయదేశపు బావికడ జరిగిన సంగతి మాత్రము కుండ నెత్తి నీళ్ళు తెచ్చిన స్త్రీలకు మిగుల చక్కగా బోధపడును. యోహాను సువార్త నాలుగవ అధ్యాయమున నున్నది. యేసు మధ్యాహ్నపు టెండలో బడలి బావియొద్ద కూర్చుండెను. శిష్యులు ఆహారము కొనుటకు ఊరిలోనికి పోయిరి. ఒక సమరయ స్త్రీ నీళ్ళకు రాగా, దాహమునకిమ్మని ఆయనయే ఆమె నడిగెను. యూదులకును సమరయులకును పొత్తు లేదు. కావున ఆమె ఆశ్చర్యపడి, యూదుడవైన నీవు నన్నడుగుటయా యనెను. బోధ చేయవచ్చినవాడు ముందుగా చేయి చాచినాడు! పిమ్మట ఆ యూరివారి కోరికపై రెండుదినములు అచ్చటనే యుండెను. మనము దానము చేయుటలో ముందుందుము. మనము తక్కువగా నెంచినవారి చేతి నీళ్ళు త్రాగుమన్నచో వెనుకకు జరుగుదుము.

ఇది యంతయు పురాతనకథ, నేటి సంసారములలో సాగునా యని చదువరులలో కొందరు అనుకొనవచ్చును. మాగ్డా ట్రోక్మే అను గృహిణి చరిత్రము అంత పాతది కాదు. ఆమె 1901లో ఇటలీలోని ఫ్లారెన్సు నగరమున జన్మించి, ఆంద్రే ట్రోక్మే అను ఫ్రెంచి ప్రొటెస్టంటు సంఘకాపరిని పెండ్లాడి, 1934లో ల షాంబోఁ అను కొండపల్లెకు కాపురము వచ్చెను. ఆ యూరికి ఆమెయే పరదేశి. ఫ్రాన్సు 1940లో జర్మనీకి లొంగిపోయెను. ఆ చలికాలమున మంచు కురియుచుండగా ఆమె యింటి తలుపువద్ద ఒక జర్మను యూదు స్త్రీ వణకుచు నిలిచి, లోనికి రావచ్చునా యని యడిగెను. మాగ్డా రమ్మని, పొయ్యియొద్ద కూర్చుండబెట్టి, అన్నము పెట్టెను. తరువాత ఆమెకు కాగితములు సంపాదింపనెంచి పురపాలకాధికారియొద్దకు పోగా, ఒక్క పరాయిదానికొరకు ఊరంతటిని అపాయమున పడవేయుదువా, పంపివేయుమని ఆయన కసరెను. ఆ మాటను తేలికగా త్రోసివేయరాదు. ఊరి భారము మోయువాని భయమది. మాగ్డా ఆ స్త్రీని వేరొక యింటికి చేర్చవలసివచ్చెను. కాని అటుపిమ్మట ఆ పీఠభూమిలోని పల్లెలన్నిటను తలుపులు తెరవబడెను. 1685లో రాజు ప్రొటెస్టంటుల ఆరాధనను నిషేధించినప్పుడు తమ పూర్వులు పడిన బాధలు వారు మరువలేదు. యుద్ధము ముగియువరకు వేలకొలది శరణార్థులు అచ్చట తలదాచుకొనిరి. దానికి వెల చెల్లింపకపోలేదు. పిల్లల వసతిగృహము చూచుచుండిన దానియేలు ట్రోక్మే అను బంధువును 1943 జూనులో జర్మనులు పట్టుకొనిపోగా, మరుసటియేట అతడు మైదానెకు నిర్బంధశిబిరమున మరణించెను.

1943 ఫిబ్రవరిలో భర్తను నిర్బంధించుటకు పోలీసులు వచ్చినప్పుడు మాగ్డా వారినికూడ భోజనమునకు కూర్చుండబెట్టెను. అట్టివారికెట్లు పెట్టితివని పిమ్మట అడుగగా, భోజనవేళయైనదనియు, అందులో గొప్ప యేమున్నదనియు ఆమె విసుగుకొనెనట. ఆ విసుగు మాకు బహు నచ్చినది. ఆమెకది వ్రతము కాదు, వంటయింటి అలవాటు.

ఇంట ఒంటరిగా నున్న యాడది ముక్కుమొగము తెలియనివారికి తలుపు తీయవచ్చునా యని మీరడుగుదురు. అడుగవలసినదే. తలుపునకు గొలుసు వేసి మాటలాడుట, పొరుగువారిని పిలుచుట తప్పని మేమనము. కాలము మంచిది కాదు. అయితే ఆనాడు మా తలుపు బార్లా తెరచియే యున్నది, బిడ్డతల్లినిచూచి మాకు భయమును లేదు. సీసాను వెదకించినది భయము కాదు.

ఆ వేసవి చివర, బట్టీపని ముగిసి వారు ఊళ్ళకు మరలుటకు ముందు, మనుమరాలితో పొలమునుండి వచ్చుచుండగా గాలివాన పట్టుకొనెను. బట్టీ ప్రక్కనున్న గుడిసెల చూరు క్రిందికి పరుగెత్తితిమి. ఆ స్త్రీయే బయటికి వచ్చి, గుర్తుపట్టి, లోనికి రమ్మనెను. బిడ్డకు నయమైనదట. గోనెపట్టా పరచి, పొయ్యిమీది బెల్లపు తేనీరు సొట్టలుపడిన స్టీలు గ్లాసులో పోసి అందించెను. ఆ గుడిసెలో గ్లాసులు రెండే యున్నవి. మనుమరాలు మా ముఖమువంక చూచుచుండెను. త్రాగితిమి. బెల్లము కొంచె మెక్కువైనది.