నిలిచిన బండి యేల వణకును?

మన సభ్యులలో పలువురు సరకును సంతకు చేర్చుకొనుటకై పాత డీజిలు పికప్పు బండ్లను కొనుచున్నారు. బండి నిలిచియుండగా ఇంజను వేగము హెచ్చుచు తగ్గుచు, వణకి ఆగిపోయినంతనే పంపునో ఇంజెక్టర్లనో మార్పించుటకై అప్పు చేయుచున్నారు. ఇది తగదు.

పైరు పసుపుబారినప్పుడు ఎరువు చల్లుటకు ముందు వేరును చూచు రైతు, బండి విషయమునను స్వల్పవ్యయపు పరీక్షలే ముందు చేయవలెను. ఇంజను ఆపి, డీజిలు ఫిల్టరు అడుగు మరను వదలించి, నీరు చేరినదేమో చూడవలెను. పిదప ఫిల్టరు పూడినదేమో, ట్యాంకునుండి వచ్చు గొట్టముల బిగింపులు సడలి గాలి చొచ్చుచున్నదేమో పరికింపవలెను. డీజిలుతో గాలి చేరినచో ఇంజను నిలకడగా తిరుగదు. గాలి ఫిల్టరు దుమ్ముతో నిండినచో నల్లని పొగ వచ్చును. ఇవన్నియు సరిగానున్న పిమ్మటనే ఇంజెక్టర్లను నిపుణునిచే పరీక్షింపజేయవలెను. పంపునుండి ఇంజెక్టర్లకు పోవు గొట్టములను మాత్రము తామే విప్పరాదు. వానిలోని ఒత్తిడి మిక్కిలి అపాయకరము.

కొనుటకు ముందటి జాగ్రత్త ఇంకను మేలు. అమ్మువాడు ఇంజనును ముందే వేడిచేసియుంచినచో లోపము దాగును. కావున ఉదయముననే, చల్లని ఇంజనును మీ యెదుట నడిపింపజేయుడు. అది నెమ్మదిగా తిరుగుచుండగా ఆయిలు పోయు మూత తీసినచో పొగ బలముగా ఎగజిమ్మెనేని, పిస్టను రింగులు అరిగియుండవచ్చును. అట్టి బండి వలదు.

ఈ పరీక్ష జరుగనిదే పాత బండికి సంఘము ఋణమీయరాదని నా దృఢాభిప్రాయము. ఆ సొమ్ము సభ్యులందరిది.