కామందు నోటిమాట

నాలుగు గోడల మధ్య అన్న మాటకు నలుగురిలో శిక్ష వేయవచ్చునా? 2014 ఏప్రిల్‌లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏకు ఈ ప్రశ్న ఎదురైంది. లాస్ ఏంజెలెస్ క్లిప్పర్స్ జట్టు యజమాని డోనాల్డ్ స్టెర్లింగ్, నల్లజాతివారిని తన జట్టు ఆటలకు తీసుకురావద్దని స్నేహితురాలితో అన్న మాటలు రికార్డయి బయటపడ్డాయి. నాలుగు రోజుల్లోనే కమిషనర్ ఆడమ్ సిల్వర్ అతనికి జీవితకాల నిషేధమూ, 25 లక్షల డాలర్ల జుల్మానా విధించాడు. ఆ ఏడే జట్టు 200 కోట్ల డాలర్లకు చేతులు మారింది.

చాటుమాటలను రచ్చకెక్కించడం నాకు రుచించదు. ఎవరి పెరటి మాటలూ కడిగిన ముత్యాలు కావు. అయినా ఆ శిక్ష సబబేనని నా అభిప్రాయం. కారణమేమిటో మన గోదావరి సీమవారికి వేరే చెప్పనక్కరలేదు. కామందు అరుగు మీద కూర్చుని పాలేరు కులాన్ని గురించి అన్న మాట ఆయన సొంత మాటగా మిగిలిపోయేదా? పాలేరు మర్నాటి బతుకు ఆ మాటను బట్టే ఉండేది. క్లిప్పర్స్ ఆటగాళ్ళలో అత్యధికులు నల్లజాతివారు. తమను ఉంచుకునే, సాగనంపే అధికారం ఉన్నవాడి మనసు తెలిశాక, అతని ఏ నిర్ణయాన్ని వారు న్యాయమని నమ్మగలరు?

ఇది ఎక్కడో అమెరికా గొడవ అనుకోవడానికి వీల్లేదు. 2022లో ఆంధ్ర ప్రీమియర్ లీగ్ మొదలైనప్పుడు గోదావరి టైటాన్స్ వెలిసింది. 2025లో భీమవరం బుల్స్, కాకినాడ కింగ్స్ ఆడాయి. మన కుర్రాళ్ళకూ ఇప్పుడు జట్టు యజమానులున్నారు.

కాకినాడలో పుట్టిన హనుమ విహారి ఉదంతం చూడండి. 2024 ఫిబ్రవరిలో రంజీ క్వార్టర్ ఫైనల్లో ఆంధ్ర జట్టు మధ్యప్రదేశ్ చేతిలో 4 పరుగుల తేడాతో ఓడింది. ఆ వెంటనే విహారి తన కెప్టెన్సీ పోయిన కథ బయటపెట్టాడు. 17వ ఆటగాణ్ణి కసిరినందుకు, రాజకీయ నాయకుడైన అతని తండ్రి మాట మీద తనను తప్పుకోమన్నారన్నది ఆయన వాదన. విహారి దుర్భాషలాడాడని ఫిర్యాదు వచ్చిందన్నది ఆంధ్ర క్రికెట్ సంఘం వాదన. న్యాయం ఎవరి పక్షాన ఉన్నా, ఆటగాడి నోటిమాట మీద ఫిర్యాదు చేసేందుకు ఒక గడప ఉందని మాత్రం తేలింది. అదే మాట యజమాని అంటే ఆ కుర్రాడు ఏ గడప ఎక్కాలి?

శిక్షకు ముందు విచారణ ఉండాలి. ఫీనిక్స్ సన్స్ యజమాని రాబర్ట్ సార్వర్ విషయంలో అదే ఎన్‌బీఏ బయటి న్యాయవాదులతో నెలల తరబడి విచారణ జరిపించి, 2022 సెప్టెంబరులో ఏడాది నిషేధం, కోటి డాలర్ల జుల్మానా విధించింది. ఆ పద్ధతి మెరుగు. కోపంలో దొర్లిన మాటకు మందలింపు చాలు. కులం, మతం, జాతి మీద ద్వేషం రుజువైతే మాత్రం జుల్మానాతో సరిపెట్టరాదు. ధనవంతుడికి అదొక ఖర్చు మాత్రమే. ఆటగాళ్ళ ఎంపికలో అతని చెయ్యి లేకుండా చేయాలి. మొదటి గొడవ రాకముందే మన లీగులు ఈ నియమాన్ని రాసుకోవడం మేలు.