ఉప్పునకు పద్దు వలదా?

మన సంఘ సభ్యులలో పెక్కుమంది విత్తనములకు, ఎరువులకు, కూలికి పద్దు వ్రాయుదురు. నూనెకును, పప్పునకును గృహిణులు లెక్క చూతురు. లెక్కకు రాని వస్తువు ఉప్పొక్కటియే. వెల స్వల్పమగుటచే దానిని కొలువవలెనను తలంపే కలుగదు. దానివలని నష్టము మాత్రము స్వల్పము కాదు. కావున ప్రతి యింటను ఉప్పునకును పద్దుండవలెనని మా యభిప్రాయము.

ఉప్పులో నూటికి సుమారు 40 వంతులు సోడియము. శరీరమునకు ఇది కొంత యవసరమే. మితిమీరినచో రక్తపు పోటు హెచ్చును. దానివలన పక్షవాతము, గుండెజబ్బు, మూత్రపిండముల వ్యాధి కలుగవచ్చును. పోటు పెక్కుమందికి ఏ బాధయు తోపింపక యుండుటచే, అది కలదని తెలియుటకే యేండ్లు పట్టును. పెద్దవారికి దినమునకు 5 గ్రాముల ఉప్పు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థయు, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థయు చెప్పుచున్నవి. అది సుమారుగా నొక చిన్న చెంచాడు.

ఈ లెక్కను సంసారమునకు వర్తింపజేసి చూతము. పెద్దవారు ఐదుగురున్న యింట దినమునకు 25 గ్రాములు, నెలకు 750 గ్రాములు. అనగా కిలో పొట్లము 40 దినములు రావలెను. విప్పిన తేదీని పొట్లముపైననే వ్రాసియుంచినచో, అయిపోయిన నాడు లెక్క తేలును. పశువుల దాణాకు వాడు ఉప్పును వేరుగా నుంచవలెను.

ఇది సగము లెక్కయే. వేసవిలో జాడీకెత్తిన ఊరగాయల మాట యేమి? ఆవకాయ, మాగాయ మొదలగువానికి ఏటికి 2 కిలోల ఉప్పు పట్టెననుకొందము. దానిని 365 దినములకు ఐదుగురికి పంచినచో, తలకు దినమునకు 1 గ్రామునకు పైబడును. మితిలో ఐదవ వంతు జాడీలోనే తీరిపోయినది! చల్ల మిరపకాయలు, వడియములు, ఎండుచేపలు దీనికి పైన. అప్పడములలోను, బజ్జీలలోను వేయు సోడాయందును సోడియము కలదు. అది నాలుకకు ఉప్పగా తోచదు. అంగడి చిరుతిండ్ల పొట్లములపై సోడియము మిల్లీగ్రాములలో ముద్రితమై యుండును. దానిని రెండున్నరచే హెచ్చించినచో ఉప్పు తేలును. 800 మిల్లీగ్రాముల సోడియమనగా 2 గ్రాముల ఉప్పు.

ఊరగాయలో ఉప్పు తగ్గించినచో బూజు పట్టును. కావున తగ్గింపవలసినది జాడీలోని ఉప్పు కాదు, కంచములో వేసికొను ఊరగాయ.

ఎండలో చెమటోడ్చు రైతునకు ఉప్పు హెచ్చుగా కావలెనని కొందరందురు. చెమటతో ఉప్పు పోవుట నిజమే. కాని పొలమున చెమటోడ్చువారు ఒకరిద్దరు. కూర ఇంటిల్లిపాదికిని ఒక్కటే. పొలమునకు పంపు మజ్జిగలో చిటికెడు ఉప్పు వేయవచ్చును. అందుకై ఇంటనున్న వృద్ధుల కూరలో హెచ్చుగా వేయనక్కరలేదు. సైంధవ లవణము వాడిన దోషము లేదనుటయు సరికాదు. అదియు ప్రధానముగా సోడియము గలదే. అయోడిను కలిపిన ఉప్పునే మితముగా వాడుట మేలు. సోడియము తగ్గించి పొటాషియము కలిపిన ఉప్పు మూత్రపిండముల వ్యాధి గలవారికి అపాయకరము కావచ్చును గాన, వైద్యుని యడుగక వాడరాదు.

రుచి పోవునని భయపడనక్కరలేదు. కొంచెము కొంచెముగా తగ్గించినచో కొలది వారములలో నాలుక అలవాటుపడును.

సంఘములకు మా సూచన యొకటి కలదు. సభ్యుల యిండ్లలోని స్త్రీలు ఊరగాయలు, అప్పడములు చేసి అమ్ముచున్నచోట, సరకు తూకముతోబాటు అందలి ఉప్పు తూకమును కూడ చీటీపై వ్రాయవలెను. కొనువారికి మనయందు నమ్మకము పెరుగును. సభ్యులెల్లరు మూడు నెలలు ఈ పద్దు వ్రాసి, ఫలితమును సంఘ సమావేశమున తెలుప గోరుచున్నాము.